ఇరవై వేలతో తెప్పకి ఏం కొనాలి? మా బావతో తెగని గొడవ

జూన్ మొదటి వారం. వేట నిషేధం ఇంకో పది రోజుల్లో అయిపోతుందనగా, రాత్రి తొమ్మిదింటికి మా బావ ఫోన్ చేశాడు. హలో కూడా లేదు. "ఏటి, నాలుగు ఇంచీలది తీసుకోమంటావా, ఏడు ఇంచీలదా?" అన్నాడు. టీవీలు నాలుగు ఇంచీలు ఎక్కడొస్తాయా అని నేను రెండు నిమిషాలు బుర్ర గోక్కున్నాను. చివరికి తేలిందేమిటంటే అది ఫిష్ ఫైండర్, నీళ్ల కింద లోతు, నేల, చేపలు తెర మీద చూపించే మిషన్. షాపువాడు ఒక వీడియో పంపాడట. అందులో తెర నిండా చేపలు, వంకాయ బజ్జీల్లాగా వరసగా. ఏడు ఇంచీలది కొంటే ఇంకా బాగా కనపడతాయన్నాడట. బావ దగ్గర ఉన్నవి ఇరవై వేలు, ఏడు ఇంచీలకి అది చాలదు, మిగతాది అప్పు.

బావ అంటే మా మేనమామ కొడుకు. భీమిలి పక్కన మా ఊరు. వాళ్లది 28 అడుగుల ఫైబర్ తెప్ప, తాడు లాగి స్టార్ట్ చేసే 9.9 హెచ్‌పీ ఇంజను. ఒడ్డు నుంచి పది పదిహేను కిలోమీటర్లు, ఎప్పుడైనా పాతిక, ఆ పైన వెళ్లడం తక్కువ. నేను విశాఖలో ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ని కాబట్టి, మా ఇంట్లో కరెంటుతో పనిచేసే ప్రతి వస్తువు గురించీ నాకే తెలుసని ఒక నమ్మకం. ఇది నాకు తెలియదు. తెలుసుకోవడానికి మూడు వారాలు పట్టింది, అందులో రెండు రోజులు తెప్ప మీద వాంతులతో గడిచాయి. ఈ పోస్టు ఆ మూడు వారాల ఫలితం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: చిన్న తెప్పకి చేపలు కనపడతాయని మిషన్ కొనొద్దు. నేల కనపడుతుందని, తిరిగి ఇంటికి దారి తెలుస్తుందని కొనండి. చేప కనపడితే అది బోనస్.

పేరులోనే ఉంది మోసం

ఈ మిషన్ల గురించి దొరికే వీడియోల్లో చాలా మటుకు అమెరికా చెరువులవి. మంచినీళ్లు, కదలిక లేని నీళ్లు, ఒక మనిషి కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ గేలం వేస్తుంటాడు. తెర మీద చేప విల్లులాగా వంగి కనపడుతుంది. మన బంగాళాఖాతంలో తెప్ప ఒక్క నిమిషం కుదురుగా ఉండదు. ఆ వీడియో చూసి మన బేరం చేయడమంటే, హైవే మీద కారు మైలేజి చూసి పొలం గట్టుకి కొనడం.

అసలు సంగతి చాలా చిన్నది. నీళ్లలో పెట్టిన ముక్క, దాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు, కిందికి శబ్దం పంపుతుంది. ఉప్పునీటిలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు పోతుంది. 30 మీటర్ల లోతులో నేలని తగిలి తిరిగి రావడానికి సెకనులో ఇరవై అయిదో వంతు చాలు. ఆ టైముని బట్టి లోతు లెక్క కడుతుంది. దారిలో గాలి సంచీ ఉన్న చేప తగిలితే ఆ గాలి వల్ల గట్టిగా మోగుతుంది, చాలా చేపలు తెర మీద పడేది అలాగే. సొర, టేకు చేపల్లాంటి వాటికి ఆ సంచీ ఉండదు, అవి మసకగా పడతాయి లేదా అసలు పడవు. ఇంజను వెనక నీటిలో బుడగలు కూడా గాలే కదా, అవీ మోగుతాయి. జెల్లీ చేపలు, రాత్రి పైకి లేచే సన్న పురుగులు అన్నీ మోగుతాయి. వాటన్నిటికీ చేప బొమ్మ తగిలించే ఒక ఆప్షన్ ఉంటుంది, షాపువాడు వీడియోలో చూపించింది అదే. కొన్న రోజే దాన్ని ఆఫ్ చేయండి.

ఇంకో లెక్క. శబ్దం గరాటు తిరగేసినట్టు కిందికి పరుచుకుంటుంది. శబ్దం కంపించే వేగం, అంటే ఫ్రీక్వెన్సీ, 200 కిలోహెర్ట్జ్ పెట్టి 15 డిగ్రీల గరాటు అనుకుంటే, 30 మీటర్ల కింద అది చూసేది ఎనిమిది మీటర్ల వెడల్పు నేల మాత్రమే. మన తెప్ప పొడుగంత. 77 కిలోహెర్ట్జ్ మీద 45 డిగ్రీలు, పాతిక మీటర్ల వెడల్పు, కానీ వివరం తగ్గుతుంది. అంటే ఏడు ఇంచీల తెర మీద అయినా, నాలుగు ఇంచీల తెర మీద అయినా, మనం చూస్తున్నది ఇప్పటికే దాటి వచ్చేసిన ఒక బావి లోపలి భాగం. ముందు ఏముందో, పక్కన ఏముందో అది చెప్పదు. ఇది చెప్పినప్పుడు బావ మొహం వాడిపోయింది. "మరి దేనికిరా ఇది?" అన్నాడు.

అట్టపెట్టె మీద రాసిన లోతుని కూడా నమ్మొద్దు. గార్మిన్ స్ట్రైకర్ 4 అని జీపీఎస్ కూడా ఉన్న చిన్నది ఒకటి ఉంది, చివరికి మేం కొన్నది అదే. మంచినీటిలో 1,600 అడుగులని ఉంటుంది, పక్కనే ఉప్పునీటిలో 750 అడుగులని. సగం కూడా కాదు. మాకు 60 మీటర్లు దాటి పని లేదు కాబట్టి ఇబ్బంది లేదు, కానీ పెద్ద అంకె చూసి పది వేలు ఎక్కువ పెట్టేవాళ్లు ఆ రెండో అంకె కూడా చదవాలి.

మావ తాడు

మావకి, అంటే బావ వాళ్ల నాన్నకి, డెబ్బై దగ్గర. ఇప్పుడు వేటకి రోజూ రాడు, కానీ కొత్త మిషన్ అంటే వచ్చాడు. చూసి, "నీళ్లల్లో టీవీయా?" అని నవ్వాడు. ఒక చోట ఆగాం. తెర మీద 21.4 అని పడింది. మావ మాట్లాడకుండా సీసం గుండు కట్టిన తాడు వదిలాడు. గుండు నేలకి తగిలాక తాడు పైకి లాగుతూ, రెండు చేతులూ చాపి బారలు లెక్కపెట్టాడు. పన్నెండు. బార అంటే మా మావ చేతులకి ఆరడుగులు. మీటర్లలోకి మారిస్తే 21 చిల్లర. నేను ఎగిరి గంతేశాను, ఆయన మాత్రం గుండు అడుగు వేలితో రుద్ది నాకు చూపించాడు. నల్లటి బురద. "నీ టీవీ ఇది చెప్తాదా?"

చెప్తుంది, అదే నా వాదనంతా. బురద నేల అయితే తెర మీద అడుగు గీత సన్నగా, రంగు వెలిసినట్టు వస్తుంది. రాయో గట్టి ఇసకో అయితే మందంగా, ముదురుగా వస్తుంది. తెర లోతుని రెట్టింపు పెట్టుకుంటే గట్టి నేల మీద ఇంకో గీత కూడా పడుతుంది, 20 మీటర్లు ఉన్నచోట 40 దగ్గర. శబ్దం నేలకీ నీటి పైభాగానికీ మధ్య రెండుసార్లు తిరిగిందన్న మాట. ఆ రెండో గీత ఉంటే కింద గట్టిదే. వేటకి వెళ్లేవాడికి నేను చెప్పక్కర్లేదు దీని విలువ. వల ఎక్కడ వేయొచ్చో, ఎక్కడ వేస్తే చిరిగి చేతికొస్తుందో, గేలం ఎక్కడ దించాలో అక్కడే తేలుతుంది. చేపలు తెర మీద కనపడక్కర్లేదు, రాయి కనపడితే చాలు.

మావకి అరగంట చూపించాను. రాయి మీదికి వచ్చినప్పుడు గీత ఒక్కసారిగా లేచింది. ఆయన ఏమీ అనలేదు కానీ తర్వాత తాడు తీయలేదు.

పదిహేడు పాయింట్ యాభై అయిదు

జీపీఎస్ ముందు, చేపలు తర్వాత అని నేను ఎందుకంటున్నానో చెప్పడానికి ఈ కథ పనికొస్తుంది, నా తెలివితక్కువతనం బయటపడినా సరే.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం వాళ్లు ఉపగ్రహాలు చూసిన సముద్రపు వేడి, నీటి పచ్చదనం బట్టి చేపలు చేరే అవకాశం ఉన్న చోట్లు చెప్తారని ఇది చదివే సగం మందికి తెలుసు. ఏ రేవు నుంచి ఏ దిక్కుకి ఎంత దూరం, ఎంత లోతు, అక్షాంశం, రేఖాంశం, అన్నీ ఇస్తారు. జీపీఎస్ లేనివాడికి అది చదువుకోవడానికి బాగుంటుంది, అంతే. సరే. ఒకరోజు ఇంకో తెప్ప నుంచి బావకి వాట్సాప్‌లో ఒక చోటు వచ్చింది, ఫోనులోంచి కాపీ చేసినది: 17.55, 83.42. నేనే మిషన్‌లోకి ఎక్కించాను. మిషన్ డిగ్రీలు, నిమిషాలు అడిగింది. నేను 17 డిగ్రీల 55 నిమిషాలు, 83 డిగ్రీల 42 నిమిషాలు అని కొట్టాను.

తప్పు ఎక్కడో మీకు అర్థమై ఉంటుంది. 17.55 అంటే పదిహేడున్నర దాటి ఇంకాస్త, నిమిషాల్లో 17 డిగ్రీల 33. 83.42 అంటే 83 డిగ్రీల 25 నిమిషాల చిల్లర. అసలు చోటు విశాఖకి ఎదురుగా, మాకు దక్షిణాన ఇరవై నాటికల్ మైళ్లు. నేను పంపింది తూర్పుకి పద్నాలుగు నాటికల్ మైళ్లు. రెండూ సముద్రంలోనే ఉన్నాయి, రెండూ నమ్మదగ్గ దూరంలోనే ఉన్నాయి, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. రెంటి మధ్య దూరం యాభై కిలోమీటర్లు. బావ వెళ్లాడు, ఖాళీ నీళ్లు చూశాడు, నూనె కాల్చుకుని వచ్చాడు. నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

కాబట్టి ఏ మిషన్ కొన్నా మొదట చేయాల్సింది ఇది: ఫోనులోనూ మిషన్‌లోనూ ఒకే రకం లెక్క పెట్టుకోవడం. మేం రెండింటిలో డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో చుక్క తర్వాత మూడంకెలు పెట్టాం. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు, నోటి లెక్కకి కూడా వీలు. అలాగే దూరం కిలోమీటర్లా నాటికల్ మైళ్లా, నీళ్లు ఉప్పువా మంచివా, అన్నీ ఒడ్డున కూర్చుని సరిచేసుకోవాలి. తెప్ప మీద తడిచేతులతో ఆ మెనూల్లో తిరగడం ఎవరివల్లా కాదు.

ఫోను చాలదా?

బావ కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. వాడి వాదన సూటిగా ఉంటుంది: "ఫోనులో జీపీఎస్ ఉంది కద మావయ్యా, ఇరవై వేలెందుకు?" వాడు చెప్పింది తప్పు కాదు. జీపీఎస్‌కి టవర్ అక్కర్లేదు, సిగ్నల్ పోయినా చోటు చూపిస్తుంది, మొదటిసారి పట్టుకోవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. మ్యాపు ముందే దించుకోవాలి. స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు మత్స్యకారుల కోసం చేసిన ఫిషర్ ఫ్రెండ్ యాప్ తెలుగులోనే ఉంది. కొండలు కనపడే దూరంలోనే తిరిగే తెప్ప అయితే మొదటి ఏడాది ఫోనుతోనే గడిపేయమని నేనే చెప్తాను, ఇందులో నాకు మొహమాటం లేదు.

కానీ ఒకసారి తడిచేత్తో, ఉప్పు పట్టిన తెర మీద, ఎండలో, ఫోను వాడి చూడండి. వేలు ఒకచోట పెడితే అది ఇంకోచోట నొక్కుకుంటుంది. ప్లాస్టిక్ సంచిలో పెడితే వేడెక్కి ఆగిపోతుంది. మధ్యాహ్నానికి చార్జింగ్ అయిపోతుంది, పైగా ప్రమాదం వస్తే 1554కి, అంటే కోస్ట్ గార్డుకి, సిగ్నల్ ఉన్నచోట ఫోన్ చేయాల్సింది దాంతోనే. అందుకే దాన్ని దాచుకోవాలి. బటన్లు ఉన్న చిన్న మిషన్ తన పని తను చేస్తుంది, ఫోను పొడి డబ్బాలో రెండో దిక్కుగా ఉంటుంది.

ప్రభుత్వం ఇచ్చే ట్రాన్స్‌పాండర్ ఉంది కదా అని ఇంకొకాయన అన్నాడు. ఉంది. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో మొదలుపెట్టారు, దేశమంతా లక్ష పడవలకి ఉచితంగా. మన ఇస్రో ఉపగ్రహం మీద పనిచేస్తుంది, టవర్ లేని చోట నుంచి ఆపదలో కబురు పంపొచ్చు, అటు నుంచి కబురు అందుకోవచ్చు, సరిహద్దు దగ్గరపడితే చెప్తుంది. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు గుజరాత్ బోట్ల మీద పనికి వెళ్లి 2018లో పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరి దాకా ఇంటికి రాలేదు. నీళ్లలో గీత గీసి ఉండదు కదా. ఇచ్చినప్పుడు తప్పకుండా పెట్టించుకోండి. కానీ అది కింద రాయి ఉందో బురద ఉందో చెప్పదు. దాని పని వేరు, దీని పని వేరు.

ఇక్కడే ఒక జాగ్రత్త. విదేశాల నుంచి వచ్చేవాళ్లతో జీపీఎస్ తెప్పించుకునేటప్పుడు, ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే రకాలు, ఇన్‌రీచ్ లాంటివి, తెప్పించకండి. అనుమతి లేకుండా మన దేశంలో అవి దగ్గర పెట్టుకుంటేనే కేసు. ఎయిర్‌పోర్టులో పట్టుబడ్డవాళ్లు ఉన్నారు.

వెదురు గెడ

షాపువాడు చెప్పనిది, వీడియోలో లేనిది ఇది. ట్రాన్స్‌డ్యూసర్‌ని పడవ వెనక అడుగుకి మరలతో బిగించమని పుస్తకంలో ఉంటుంది. హార్బర్‌లో నీళ్ల మీదే కట్టేసే బోటుకి అది సరిపోతుంది. మా తెప్పలు అలల్లోంచి దూకి ఇసక మీదికి ఎక్కుతాయి, పదిమంది పట్టి పైకి తోస్తారు. మా పక్క తెప్పకి పుస్తకంలో ఉన్నట్టే బిగించారు. మూడో రోజు ఇసక మీదికి ఎక్కేటప్పుడు అది విరిగింది, ఆ ముక్క ఒక్కటే మళ్లీ కొనాలంటే మిషన్ ధరలో పెద్ద భాగమే.

ఫైబర్ లోపలి వైపు అంటించేయొచ్చు కదా అంటారు. గట్టి ఫైబర్ ఒకటే అయితే పని చేస్తుంది, కాస్త బలం తగ్గినా. అంటించే ముందు నీళ్లు నింపిన ప్లాస్టిక్ సంచి ఆ చోట పెట్టి, అందులో ముక్క ఉంచి లోతు పడుతుందో లేదో చూసుకోవాలి. మా తెప్ప అడుగున ఫోమ్ నింపి ఉంది. ఫోమ్ అంటే గాలి, శబ్దం అక్కడే ఆగిపోయింది, తెర మీద ఏమీ పడలేదు.

చివరికి మావే చెప్పాడు, వెదురు గెడకి కట్టమని. ఇప్పుడు గెడ చివర ముక్క, వైరు గెడ పొడవునా సైకిల్ ట్యూబు ముక్కలతో చుట్టి ఉంటుంది. ఇంజనుకి దూరంగా పక్క అంచుకి రెండు తాళ్లు. వేట చోటుకి వచ్చాక దించుతారు, ఒడ్డు దగ్గర పడగానే పైకి తీసేస్తారు. వేగంగా పోయేటప్పుడు పనికిరాదు, ఆ టైములో మనకి కావలసింది జీపీఎస్ ఒక్కటే కాబట్టి నష్టం లేదు.

ఇంజను నుంచి చార్జింగ్ లేదు, అందుకని యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి విడిగా కొన్నాం. ఈ చిన్న మిషన్ తినేది పావు ఆంపియరు దాకా, సగం బ్యాటరీతోనే ఒక రోజు వేట గడిచిపోతుంది. ఏడు ఇంచీలది అయితే తెర వెలుగుకే ఎక్కువ కావాలి, బ్యాటరీ పెద్దది, బరువు, ఖర్చు. బ్యాటరీ మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో, మధ్యలో ఒక ఫ్యూజు, కొసలకి వ్యాజిలిన్. వీటన్నిటికీ కలిపి వెయ్యి రెండు వేలు దాచి పెట్టుకోకుండా మొత్తం డబ్బు తెర మీద పోస్తే, నెలకే పచ్చటి తుప్పు చూడాల్సి వస్తుంది.

నా మాటకి ఎదురు

ఇంత చెప్పాక కూడా నాకు సమాధానం దొరకని సంగతులు రెండున్నాయి. ఒకటి, బావ స్నేహితుడు. వాడికి కూడా ఫిష్ ఫైండరే, మాకన్నా పెద్దది. ఒకరోజు నడి నీటిలో మబ్బులాంటి ముద్ద కనపడితే అక్కడే వల వేశాడు, కవళ్ల చేపలు పడ్డాయి. మిషన్ ఖర్చు ఆ ఒక్క రోజే వచ్చేసిందంటాడు. గుంపుగా తిరిగే చేపల విషయంలో అది నిజమే, మబ్బు లాంటిది తెర మీద పడితే అది చేపే కావచ్చు. తెర మీద ఏమీ పడక ఉత్తినే తిరిగిన రోజులెన్నో నేను అడిగాను, వాడు లెక్క పెట్టలేదన్నాడు. బావ మాత్రం ఇప్పటికీ వాడి వైపే.

రెండోది ఇంకా ఇబ్బంది. మావకి రాళ్ల చోట్లు తెలిసేది కొండ గుర్తులతో. ఒక కొండ కొస ఇంకో కొండ వెనక్కి పోవాలి, అదే సమయానికి ఫలానా తాటిచెట్లు గుడి మీదికి రావాలి. రెండు గీతలు కలిసిన చోట రాయి. నలభై ఏళ్లు పట్టింది ఆయనకి. మంచు పట్టిన పొద్దున కొండలు కనపడకపోతే ఆయనా వెతుక్కోవాల్సిందే, కానీ ఆ చోటు ఆయనది. ఇప్పుడు అదే చోటు కొన్ని అంకెలు. వాట్సాప్‌లో ఒకడికి పంపితే సాయంత్రానికి ముప్ఫై తెప్పలకి చేరుతుంది, రాయి మీద చేప ఎన్నాళ్లుంటుంది? మిషన్ కొనిపించింది నేనే, దీనికి నా దగ్గర జవాబు లేదు. ఎవరికీ పంపొద్దని బావ చేత ఒట్టు వేయించాను, అంతకన్నా ఏం చేయాలో తోచలేదు.

మొదటి వారం మావని ఎక్కించుకుని ఆయన రాళ్లన్నీ తిరిగాం. ఒక్కో చోట ఆయన చెయ్యెత్తడం, నేను బటన్ నొక్కడం. మిషన్‌లో తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు కొట్టాను, బావ అవి చదవలేనంటే ఒక్కోదానికి ఒక్కో బొమ్మ పెట్టాం. పదకొండు అయ్యాయి. పన్నెండోది ఉందని అందరికీ తెలుసు, కోనాం చేప పడే చోటు. అడిగితే మావ బీడీ వెలిగించుకుని అటు తిరిగి కూర్చున్నాడు. "అది వద్దులే" అన్నాడు. మేం ఇంకేం అడగలేదు.

మొన్న ఆదివారం బ్యాటరీ చూద్దామని వెళ్లి మిషన్ ఆన్ చేశాను. తెప్ప తిరిగిన దారంతా ఈ మిషన్ తనంతట తనే గీత గీసుకుంటూ పోతుందన్న సంగతి మావకి తెలియదు, నిజానికి నాకూ అప్పటిదాకా తట్టలేదు. కిందటి వారం ఆయన ఒక్కడే తెల్లవారుజామున వెళ్లొచ్చిన గీత ఉంది. ఈశాన్యానికి తిన్నగా పోయి, ఒకచోట మూడు నాలుగు చుట్లు తిరిగి, అక్కడే ముద్దగా ఆగి, వెనక్కి వచ్చింది. బావ నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఇద్దరం మాట్లాడుకోలేదు. బావ చెయ్యి చాపి మిషన్ ఆఫ్ చేశాడు, గీత చెరిపాడా లేదా అని నేను అడగలేదు.